ప్రశ్నలు వదులుకోకుండానే: పండిత రమాబాయి ఉత్తరాలు

శిలువ మీద లాటిన్ మాటలు ఎందుకు? సంస్కృతంలో లేనిది లాటిన్‌లో ఏముంది? బ్రాహ్మణులు సంస్కృతాన్ని దేవభాష అనుకున్నట్టే మీరూ లాటిన్‌ను అనుకుంటున్నారా?

1880ల నడుమ, ఇంగ్లండులో చదువుకుంటున్న ఒక మరాఠీ యువతి తన జ్ఞానమాతకు రాసిన ఉత్తరంలోని ప్రశ్నలివి. ఆ జ్ఞానమాత పేరు సిస్టర్ జెరాల్డిన్, వాంటేజ్ పట్టణంలోని ఆంగ్లికన్ కన్యస్త్రీల మఠానికి చెందిన మనిషి. రాసిన యువతి పండిత రమాబాయి. అప్పటికి బాప్తిస్మం పొంది ఎంతో కాలం కాలేదు. పరాయి దేశంలో, పరాయి భాషలో, తన తిండికీ చదువుకూ ఆధారమైన వాళ్లనే ఆమె నిలదీస్తోంది. సంస్కృతం మీద తనకున్న ప్రేమ అది దేవతల భాష అయినందువల్ల కాదని, తన దేశపు పాత భాష, అందమైన భాష అయినందువల్లనని కూడా ఆ ఉత్తరంలోనే చెప్పుకుంది. ఒక పవిత్ర భాషను వదిలి వచ్చింది ఇంకో పవిత్ర భాషకు దండం పెట్టడానికి కాదన్నది ఆమె భావం.

ఈ ఉత్తరాలను సిస్టర్ జెరాల్డిన్ పారేయలేదు. తనను నొప్పించినవాటితో సహా అన్నీ దాచి, వరుసలో పేర్చిపెట్టింది. అవి 1977లో బొంబాయి నుంచి 'ది లెటర్స్ అండ్ కరెస్పాండెన్స్ ఆఫ్ పండిత రమాబాయి' అన్న పేరుతో పుస్తకంగా వచ్చాయి. సంపాదకుడు ఎ.బి. షా క్రైస్తవుడు కాడు. ఇండియన్ సెక్యులర్ సొసైటీని స్థాపించిన హేతువాది. ఒక క్రైస్తవురాలి ఉత్తరాలను ఒక కన్యస్త్రీ కాపాడడం, ఒక హేతువాది అచ్చు వేయించడం చూస్తేనే ఈ పుస్తకం ఎలాంటిదో కొంత తెలుస్తుంది. విశ్వాసం గురించి సందేహంలో ఉన్నవాళ్లు చదవవలసిన పుస్తకాల్లో దీన్ని ముందు వరుసలో పెట్టవచ్చు. ఇందులో సిద్ధాంతాల నిరూపణ లేదు. ఒక మనిషి ప్రశ్నలు అడుగుతూ, జవాబులు చాలకపోతే చాలలేదని చెబుతూ, అయినా వెళ్లిపోకుండా నిలిచిన తీరు ఉంది.

ఇలాంటి పుస్తకం ఎందుకు కావాలో తెలుగు క్రైస్తవ కుటుంబాలకు వేరే చెప్పనక్కర్లేదు. స్వదేశంలోనైనా, సముద్రాలు దాటి వచ్చిన చోటనైనా ఒకటే కథ. పిల్లవాడు సండే స్కూల్లో ఒక ప్రశ్న అడుగుతాడు. 'అలా అడగకూడదు, ప్రార్థన చెయ్యి' అన్న సమాధానం వస్తుంది. రెండోసారి అడిగితే ఇంట్లో కంగారు మొదలవుతుంది. మూడోసారి వాడు అడగడు. కాలేజీకి వెళ్లాక చర్చికి రావడం మానేస్తాడు. లోకం చెడగొట్టిందని పెద్దలు అనుకుంటారు. వాడు వెళ్లిపోయింది చాలా ఏళ్ల ముందు, ఆ మూడో ప్రశ్నను మింగేసిన రోజున. మరోవైపు వేరే ఇళ్లలో పుట్టి, క్రీస్తు గురించి తెలుసుకోవాలన్న కుతూహలం ఉండీ, ఒక్క ప్రశ్న అడిగితే మతం మారమంటారేమోనన్న భయంతో గుమ్మం దగ్గరే ఆగిపోయే వాళ్లున్నారు. రమాబాయి జీవితం ఈ ఇద్దరికీ పనికివస్తుంది.

ఆమె 1858లో పశ్చిమ కనుమల్లోని గంగామూల అడవిలో పుట్టింది. తండ్రి అనంత శాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. భార్యకు సంస్కృతం నేర్పినందుకు తోటి పండితుల ముందు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చినా వెనక్కి తగ్గని మనిషి. ఆ తల్లి లక్ష్మీబాయి దగ్గరే రమాబాయి భాగవతం కంఠస్థం చేసింది. కుటుంబమంతా క్షేత్రం నుంచి క్షేత్రానికి తిరుగుతూ పురాణం చెప్పేది. వచ్చిన సంభావనలో తినగా మిగిలింది దానధర్మాలకు పోయేది. కూలిపని, వ్యాపారం వాళ్లకు తెలియవు.

1870లలో దక్షిణదేశాన్ని కరువు పట్టింది. ఉన్నది అయిపోయింది. వ్రతాలు, ఉపవాసాలు, ప్రదక్షిణలు ఏవీ పలకలేదు. అడవిలో ఆకులు, నీళ్లు, గుప్పెడు ఈతపళ్లతో రోజులు గడిపాక తండ్రి పుణ్యతీర్థంలో జలసమాధి కావాలని నిశ్చయించుకున్నాడు. అప్పుడు కొడుకు శ్రీనివాస్ అడ్డుపడి, కులగౌరవం పక్కనపెట్టి కూలి చేసైనా పోషిస్తానన్నాడు. ఆ మాటతో కుటుంబం అడవి దాటి వచ్చింది. కొద్ది రోజులకే తండ్రి పోయాడు. దేవుణ్ణి జీవితాంతం సేవించమని కూతురికి చెప్పి పోయాడు. కొన్ని నెలల లోపే తల్లి, ఆ తర్వాత అక్క. మిగిలింది అన్నాచెల్లెళ్లు ఇద్దరే. వేలమైళ్లు కాలినడకన దేశం తిరిగారు.

ఈ ఘట్టాలను ఆమె తర్వాత 'ఎ టెస్టిమొనీ' అనే చిన్న పుస్తకంలో చెప్పుకుంది. అందులో ఒక సంగతి ప్రత్యేకంగా గుర్తుండిపోతుంది. యాత్రలో ఒక సరస్సు దగ్గరికి వెళ్లారు. అందులో తేలే కొండలున్నాయని, పాపం లేని భక్తుడు నిలబడి ప్రార్థిస్తే అవి అతని వైపు కదిలి వస్తాయని పూజారులు చెప్పారు. నీళ్లలోకి మాత్రం దిగొద్దన్నారు, మొసళ్లుంటాయట. తెల్లవారకముందే శ్రీనివాస్ నీళ్లలోకి దూకి ఈదుకుంటూ వెళ్లి చూశాడు. కొండలని చెప్పినవి మట్టీ రాళ్లూ పరిచి చెట్లు నాటిన తెప్పలు. యాత్రికులు చేతులు జోడించి నిలబడినప్పుడు వాటిని వెనుకనుంచి తోసే ఏర్పాటు ఉంది.

ఈ కథను ఒక మతానికి అంటగట్టి నవ్వుకోవడం తేలిక. అలా నవ్వే క్రైస్తవుడు తన ఊరి స్వస్థత సభ వేదిక వెనక్కి ఎప్పుడైనా ఈది చూశాడా అని ముందు తనను తాను అడుగుకోవాలి. తెప్పలు తోసే చేతులు ప్రతి మతంలోనూ ఉన్నాయి. వాటిని పట్టుకోవడం దైవద్రోహం కాదు. నిజమైన కొండ ఎక్కడన్నా ఉంటే, దాని వెనక్కి ఎవరు ఈదినా దానికి వచ్చే నష్టం లేదు. రమాబాయికి ఆ చూపు అలవడింది. జీవితాంతం పోలేదు.

1878లో అన్నాచెల్లెళ్లు కలకత్తా చేరారు. ఆమె పాండిత్యాన్ని పరీక్షించిన పండితులు 'పండిత' అనీ 'సరస్వతి' అనీ బిరుదులిచ్చారు. కేశవచంద్ర సేన్ ఆమె చేతిలో వేదం పెట్టి చదవమన్నాడు. స్త్రీలకు వేదాధికారం లేదని నమ్మి పెరిగిన మనిషికి అది చిన్న సంగతి కాదు. స్త్రీల సభల్లో ఉపన్యాసాల కోసం ధర్మశాస్త్రాలను శ్రద్ధగా చదివింది. ఆ గ్రంథాలకు ఒకదానితో ఒకటి ఎన్ని విషయాల్లో పడకపోయినా, స్త్రీని, శూద్రుణ్ణి తక్కువ చేయడంలో మాత్రం అవన్నీ ఒకే మాట మీద ఉన్నాయని ఆమెకు తోచింది. ఇది ఆమె చదివి చేరుకున్న అభిప్రాయం. దీనితో విభేదించే హిందూ పండితులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఇక్కడ ముఖ్యమైన సంగతి వేరు: ఆమె వదిలిపెట్టింది తెలియక వదిలిపెట్టలేదు. మూలగ్రంథాలు మూలభాషలో చదివి, కంఠతా పట్టి, ఆ తర్వాత సందేహించింది. తాను పుట్టిన మతాన్ని చదవకుండానే వదిలేసేవాళ్లకూ, చదవకుండానే పట్టుకు వేళ్లాడేవాళ్లకూ అది ఒక పాఠమే.

1880లో అన్న పోయాడు. అదే ఏడు ఆమె బిపిన్ బిహారీ దాస్ అనే బెంగాలీ న్యాయవాదిని పెళ్లాడింది. కులాంతర వివాహం, రిజిస్ట్రారు ముందు జరిగింది. అస్సాంలోని సిల్చార్‌లో కాపురం. అక్కడ భర్త పుస్తకాల మధ్య బెంగాలీలో అచ్చయిన చిన్న లూకా సువార్త కనిపించింది. చదవడం మొదలుపెట్టింది. ఇంటికి వచ్చే బాప్తిస్టు మిషనరీని అడిగి ఆదికాండం సంగతులు విన్నది. భార్య ఈ ఆసక్తి భర్తకు నచ్చలేదు. ఆ చర్చ పూర్తికాకముందే, 1882 ఫిబ్రవరిలో, కలరా ఆయనను తీసుకుపోయింది. ఇరవై నాలుగేళ్లు కూడా నిండకుండా, చంటిపిల్ల మనోరమతో ఆమె ఒంటరిదైంది.

పుణేకు వచ్చి ఆర్య మహిళా సమాజం స్థాపించింది. హంటర్ విద్యా సంఘం ముందు సాక్ష్యమిచ్చి, స్త్రీలకు ఉపాధ్యాయినులు, వైద్యురాళ్లు కావాలని అడిగింది. తానే వైద్యం చదవాలన్న కోరికతో ఇంగ్లండు ప్రయాణమైంది. ఆ కోరిక తీరలేదు. ఆమెకు చెవుడు పెరుగుతూ వచ్చింది. రోగి గుండె చప్పుడు వినలేని చెవులతో వైద్యవిద్య సాగదని తేలిపోయింది. ఆ తర్వాత ఆమె చేసిన పనిని చూస్తే, ఒక వైద్యురాలిని పోగొట్టుకున్న దేశానికి చాలామందిని బతికించిన చేయి మాత్రం దక్కిందనుకోవాలి.

పుణేలో ఉన్న రోజుల్లోనే ఆమెకు నెహెమ్యా గోరే పరిచయమయ్యాడు. ఆయన కథ కూడా సందేహపరులు తెలుసుకోవలసినదే. అసలు పేరు నీలకంఠ శాస్త్రి, కాశీలో పండితుడు. జాన్ మ్యూర్ అనే స్కాట్లండు దొర 'మతపరీక్ష' అన్న పేరుతో క్రైస్తవాన్ని సమర్థిస్తూ సంస్కృతంలో పుస్తకం రాస్తే, దాన్ని ఖండిస్తూ నీలకంఠుడు సంస్కృతంలోనే గ్రంథం రాశాడు. ఖండించడానికి చదవాలి. చదివిన కొద్దీ ఖండన పలచబడింది. 1848లో బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత కూడా సందేహాలు ఆయనను వదల్లేదు, ఆయన వాటిని దాచుకోలేదు. రమాబాయి అడిగిన చాలా ప్రశ్నలు ఆయన ముందే తనను తాను అడుగుకున్నవి. ఆయన ఇచ్చిన జవాబులు ఆమె మనసుకు ఎక్కడానికి అదొక కారణం. ఈత రానివాడు ఒడ్డున నిలబడి ధైర్యం చెబితే ఎవరు వింటారు?

ఇంగ్లండుకు బయలుదేరేటప్పుడు క్రైస్తవం తీసుకోనని ఆమె అందరికీ చెప్పింది. వాంటేజ్‌లో మఠంవాళ్ల ఆశ్రయంలో ఉండగా ఒక ఘోరం జరిగింది. వెంట వచ్చిన స్నేహితురాలు ఆనందీబాయి భగత్ ఆత్మహత్య చేసుకుంది. తమను బలవంతంగా క్రైస్తవులను చేస్తారన్న భయం ఆమెను పిచ్చిదాన్ని చేసిందని మాక్స్ ముల్లర్ రాశాడు. క్రైస్తవ పాఠకుడు ఈ వాక్యాన్ని తొందరగా దాటిపోకూడదు. బలవంతం జరగకపోయినా, జరుగుతుందేమోనన్న భయమే ఒక ప్రాణాన్ని తీసింది. ప్రశ్న అడగడానికి భద్రత లేదనిపించే చోట విశ్వాసం గురించి మాట్లాడడం ఎంత జాగ్రత్తగా చేయవలసిన పనో దీన్ని బట్టి తెలుస్తుంది.

అంత జరిగాక కూడా రమాబాయి 1883 సెప్టెంబరు 29న కూతురితో కలిసి బాప్తిస్మం పొందింది. ఆమెను కదిలించినవి తర్కాలు మాత్రమే కావు. లండన్‌లోని ఫుల్హమ్‌లో, సమాజం వెలివేసిన స్త్రీలకు సిస్టర్లు నడుపుతున్న ఆశ్రయాన్ని చూసింది. పతితలను ఇంత ప్రేమగా చూడడం ఆమె అంతకు ముందు ఎరగదు. మీరెందుకు ఇలా చేస్తున్నారని అడిగింది. ఒక సిస్టర్ సమరయ స్త్రీ కథ చదివి వినిపించింది. మధ్యాహ్నపుటెండలో బావి దగ్గరికి ఒంటరిగా వచ్చిన ఆ స్త్రీతో యేసు మాట్లాడిన తీరు విన్నాక, తాను శాస్త్రాల్లో వెదికి కానరాక నిరాశపడినది ఇక్కడ ఉన్నదని రమాబాయికి అనిపించింది. ఆ సమరయ స్త్రీ కూడా ప్రశ్నలడిగిన మనిషే. దేవుణ్ణి ఏ కొండ మీద ఆరాధించాలని వాదించింది. యేసు ఆమెను గద్దించలేదు, జవాబిచ్చాడు.

కథ ఇక్కడితో ముగిస్తే అది మామూలు సాక్ష్యమవుతుంది. ఉత్తరాల పుస్తకం బలం దీని తర్వాతే ఉంది. బాప్తిస్మం తర్వాత రమాబాయి ప్రశ్నలు తగ్గలేదు, పెరిగాయి. త్రిత్వ సిద్ధాంతం తనకు బైబిల్లో ఎక్కడ కనిపిస్తుందో చూపించమంది. అథనాసియస్ పేరుతో ఉన్న విశ్వాస ప్రమాణాన్ని తన మనస్సాక్షి ఒప్పుకోకుండా నోటితో పలకనంది. చర్చి చెప్పింది గనుక నమ్మాలంటే, పురోహితుల కాడిని ఇప్పుడే దింపుకుని వచ్చిన తాను ఇంకో కాడికి మెడ ఇవ్వలేనంది. గుడ్డు కలిసిన వంటకం తిననంటే అది పోని కులాభిమానమని సిస్టర్ జెరాల్డిన్ అనుమానించింది. తన శాకాహారం తన ఇష్టమని, క్రీస్తును నమ్మడానికి నాలుక మార్చుకోనక్కర్లేదని రమాబాయి నిలబడింది. చెల్టెన్‌హామ్ కళాశాలలో ఆమె మగ విద్యార్థులకు పాఠం చెప్పవచ్చునా అన్న ప్రస్తావన వచ్చినప్పుడు భారతదేశంలోని బిషప్పులు అభ్యంతరం చెప్పారు. తన తల్లి మగపిల్లలకు చదువు చెబితే తన తండ్రి వద్దనలేదని, తాను చెబితే తన భర్త వద్దనలేదని, ఇప్పుడు ఇంగ్లీషువాళ్లు వద్దంటున్నారని ఆమె ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యంలోని చురక ఇన్నేళ్లయినా ఆరలేదు.

సిస్టర్ జెరాల్డిన్ చెడ్డ మనిషి కాదు. రమాబాయి ఆమెను మరాఠీలో 'ఆజీబాయి' అని పిలిచేది. అంటే అమ్మమ్మ, నాయనమ్మ. కూతురు మనోరమను ఆమె చేతుల్లోనే పెంచింది. అయితే ప్రశ్నలన్నీ గర్వం నుంచి పుడుతున్నాయని ఆజీబాయి భయం. వినయం నేర్చుకో, చర్చికి లోబడు, ఆ తర్వాత అర్థమవుతుందని ఆమె బోధ. ఎంత ప్రేమతో చెప్పినా ఆ మాట రమాబాయిని దూరం నెట్టింది. ప్రతి ఉత్తరానికీ పట్టుదల ఇంకాస్త బిగిసింది.

చెల్టెన్‌హామ్ లేడీస్ కాలేజీ ప్రిన్సిపాల్ డొరొతియా బీల్ వేరే దారి పట్టింది. రమాబాయి ఒక తత్వవేత్త అని, ఎవరో చెప్పారని కాక తన మనస్సాక్షి ఒప్పుకుంటేనే దేన్నయినా స్వీకరిస్తుందని ఆమె గుర్తించింది. ప్రశ్నకు ప్రశ్నగానే జవాబిచ్చింది. చదవమని పుస్తకాలు సూచించింది. అంగీకరించమని తొందరపెట్టలేదు. బీల్‌కు రాసిన ఉత్తరాల్లో రమాబాయి గొంతు మారిపోతుంది. అక్కడ ఆమె పోట్లాడదు, ఆలోచిస్తుంది. ఒకే మనిషి, అవే ప్రశ్నలు, అదే కాలం. ఎదుట ఉన్నవాళ్లు వినే తీరును బట్టి సందేహం తిరుగుబాటుగానైనా మారుతుంది, అన్వేషణగానైనా మారుతుంది. తల్లిదండ్రులు, బోధకులు ఈ పుస్తకం నుంచి నేర్చుకోవలసింది ఇదొక్కటైనా చాలు.

1886లో రమాబాయి అమెరికా వెళ్లింది. ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో ఆనందీబాయి జోషి పట్టా అందుకునే వేడుక చూడడానికి వెళ్లి, రెండేళ్లకు పైగా ఉండిపోయింది. తిరిగి వచ్చి 1889లో బొంబాయిలో వితంతువులకు శారదా సదన్ తెరిచింది. అక్కడ మతబోధ చేయనని మాటిచ్చింది. తర్వాత ఆ సదనంలోని కొందరు బాలికలు ఆమె ప్రార్థనలకు రావడం పుణేలో పెద్ద వివాదమైంది. 1893లో పలువురు తమ పిల్లలను తీసుకుపోయారు, రానడే, భండార్కర్ వంటి హితులు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. ఆమె మాట తప్పిందా, లేక వచ్చినవాళ్లకు తలుపు వేయలేకపోయిందా అన్న వాదన నేటికీ ఉంది. ఆమెను ఇష్టపడే పాఠకుడు ఆ వాదనను కూడా వినాలి. ఒకరి మనస్సాక్షి స్వేచ్ఛకోసం పోరాడిన మనిషి, తన పోషణలో ఉన్న పిల్లల మనస్సాక్షి దగ్గర ఎంత జాగ్రత్తగా ఉండాలన్నది తేలికైన ప్రశ్న కాదు.

ఈ మధ్యలోనే ఆమె లోపల ఒక మార్పు జరిగింది. విలియం హాస్లమ్ రాసిన 'ఫ్రమ్ డెత్ ఇన్‌టు లైఫ్' చదివింది. ఆ హాస్లమ్ ఒక చర్చి బోధకుడు. తాను బోధిస్తున్నది తాను నమ్మడం లేదని ఆలస్యంగా గ్రహించిన మనిషి. అది చదివాక రమాబాయికి తన సంగతి అర్థమైంది. తాను క్రైస్తవ మతాన్ని కనుగొంది గాని, ఆ మతానికి ప్రాణమైన క్రీస్తును ఇంకా కనుగొనలేదని 'ఎ టెస్టిమొనీ'లో చెప్పుకుంది. ఈ మేలుకొలుపు 1891 నాటిది. బాప్తిస్మానికీ దీనికీ మధ్య ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లలో ఎవరైనా ఆమెను 'విశ్వాసం లేని మనిషి' అని బయటికి నెట్టి ఉంటే? లేదా ఆమే నిజం చెప్పడం మానేసి, అందరితో పాటు పెదవులు కదిపి ఉంటే? రెండో ప్రమాదమే పెద్దది. మొదటిది చేస్తే ఒక మనిషి చర్చికి దూరమవుతుంది. రెండోది చేస్తే చర్చిలోనే కూర్చుని దేవుడికి దూరమవుతుంది.

మొదటి ప్రశ్న సంగతి ఏమైంది? కరువులో ఆకులు తిని ప్రార్థించిన కుటుంబానికి ఆకాశం ఎందుకు పలకలేదు? సందేహపరుడు ఇక్కడ ఆగి అడగడం న్యాయం: ఆ రోజు క్రీస్తు మాత్రం ఎక్కడున్నాడు? తను విడిచిన దేవుళ్లను ఏ తక్కెడలో తూచిందో, కొత్తగా నమ్మిన దేవుణ్ణీ అదే తక్కెడలో తూచాలి కదా? ఈ ప్రశ్నకు రమాబాయి తాత్విక సమాధానం రాసిపెట్టలేదు. 1896, 97లలో మధ్య పరగణాలను కరువు పట్టినప్పుడు ఆమె అక్కడికి బయలుదేరింది. ఆకలితో ఉన్న ఆడపిల్లలు, చిన్న వయసు వితంతువులు, బాటల పక్క పడిఉన్నవాళ్లు. చూసినప్పుడల్లా తన తల్లి, తన అక్క కళ్ల ముందు నిలిచి ఉంటారు. మూడు వందల మంది వరకూ తీసుకువచ్చి, పుణే దగ్గర కేడ్‌గావ్‌లో ముక్తి సదనంలో చేర్చింది. 1900 నాటి గుజరాత్ కరువు తర్వాత ఆ సంఖ్య రెండువేలకు దగ్గరైంది. వాళ్లకు తిండితో పాటు చదువు, చేతిపని నేర్పింది. కులగౌరవం పక్కనపెట్టి కూలి చేస్తానన్న అన్న మాటతో ఒకనాడు ఆమె కుటుంబం చావు అంచు నుంచి వెనక్కి వచ్చింది. ఆమె సదనంలో ప్రతి పిల్లా చేతులతో పని చేసింది.

ఇది బాధ గురించిన ప్రశ్నకు జవాబా? పూర్తి జవాబు కాదు. ఆసుపత్రి మంచం పక్కన నిలబడిన ఏ వైద్యుడికైనా తెలుసు, కొన్ని 'ఎందుకు'లకు మాటల్లో జవాబు ఉండదు. కాని ఒక విశ్వాసం మనిషిని ఆ ప్రశ్న నుంచి పారిపోయేట్టు చేస్తుందా, ఆ ప్రశ్న పడి ఉన్న చోటికి తిరిగి నడిపిస్తుందా అన్నది చూడవచ్చు. రమాబాయిని అది నడిపించింది. దీన్ని రుజువు అనకపోయినా, సాక్ష్యం అనవచ్చు. సందేహపరుడు దాన్ని తూచుకుని చూడవచ్చు.

బైబిలు కూడా ఈ విషయంలో సందేహపరుల పక్షాన ఉన్నంతగా చర్చిలు ఉండవు. యోబు దేవుణ్ణి నిలదీశాడు. దేవుడు చివరకు కోపగించింది యోబు మీద కాదు, దేవుణ్ణి వెనకేసుకొచ్చిన స్నేహితుల మీద. చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చే యోహాను, రాబోయేవాడు నీవేనా, లేక ఇంకొకరి కోసం చూడాలా అని మనుషులను పంపి యేసును అడిగించాడు. యేసు నొచ్చుకోలేదు. చూసినవి, విన్నవి వెళ్లి చెప్పమన్నాడు. అంటే ఆధారాలు చూపించాడు. ఆ వెంటనే యోహానును అందరిముందూ మెచ్చుకున్నాడు. గాయాలు చూడనిదే నమ్మనన్న తోమా కోసం మళ్లీ వచ్చి గాయాలు చూపించాడు. పౌలు చెప్పినది నిజమో కాదో లేఖనాలు తిప్పి చూసుకున్న బెరయ ఊరివాళ్లకు అపొస్తలుల కార్యాల్లో ఘనులన్న పేరు దక్కింది.

కాబట్టి సందేహంలో ఉన్నవాళ్లు రమాబాయి దగ్గర నేర్చుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రశ్నను దాచకపోవడం మొదటిది. దాచిన ప్రశ్న చావదు, కుళ్లుతుంది. వదిలేదాన్నీ పట్టుకునేదాన్నీ ఒకే తక్కెడలో తూచడం రెండోది. ఒక మతంలోని మూఢత్వాన్ని చూసి ఇంకో మతానికి వెళ్లి కళ్లు మూసుకుంటే పొందిందేమీ లేదు. అలాగే విశ్వాసాన్ని వేయి ప్రశ్నలడిగి, అవిశ్వాసాన్ని ఒక్కటీ అడగకపోతే అదీ న్యాయం కాదు. మరణం, న్యాయం, మనస్సాక్షి గురించి అవిశ్వాసం కూడా జవాబు చెప్పవలసినదే. మూడోది, డొరొతియా బీల్ లాంటి ఒక మనిషిని వెతుక్కోవడం. చదువున్నవాళ్లు, ఓపికున్నవాళ్లు, తమ సందేహాలను తాము మోసినవాళ్లు ప్రతి చర్చిలోనూ ఒకరిద్దరైనా ఉంటారు. తరచు వెనుక బెంచీలో కూర్చుంటారు. నాలుగోది, మూలాన్ని చదవడం. రమాబాయి దీన్ని చివరిదాకా వదల్లేదు. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, చదువు కొత్తగా నేర్చిన ఆడవాళ్లకు అర్థమయ్యే మరాఠీలో బైబిలంతా అనువదించింది. ముక్తి సదనంలోని స్త్రీలే ముక్తి ప్రెస్సులో దాన్ని అచ్చు కూర్చారు. 1921లో కూతురు మనోరమ ముందే వెళ్లిపోయినా ఆమె పని ఆపలేదు. 1922 ఏప్రిల్ 5న చనిపోయేవరకూ, చివరి రోజుల్లో కూడా ప్రూఫులు దిద్దుతూనే ఉంది.

అంత పెద్ద పనికి మొదలు సిల్చార్‌లో భర్త పుస్తకాల మధ్య దొరికిన ఆ సన్నని లూకా సువార్త. సందేహపరుడికి మొదలుపెట్టడానికి అదే తగిన చోటు కావచ్చు. లూకా నమ్మమని మొదలుపెట్టడు. కళ్లారా చూసినవాళ్లు చెప్పినవాటిని మొదటినుంచీ శ్రద్ధగా విచారించి, వరుసగా రాస్తున్నానని థెయొఫిలా అనే మనిషికి చెప్పి మొదలుపెడతాడు. తాను నేర్చుకున్న సంగతులు ఎంత నిజమో థెయొఫిలా తనంతట తాను తెలుసుకోవాలన్నది ఆ రచయిత కోరిక. మొదటి నాలుగు వచనాల్లోనే ఈ సంగతి ఉంది. పెన్సిలు చేతిలో పెట్టుకుని అక్కడినుంచి చదవవచ్చు. ఒప్పుకోలేని చోట పక్కన గీత గీసుకోవచ్చు. ఆ గీతలను చెరపమని అడిగే హక్కు ఎవరికీ లేదు.